మన వైజాగ్ కొండలకి ఏ ట్రెక్కింగ్ సామాను కొనాలి, ఏది ఎక్కడ దెబ్బేస్తుంది

పోయిన డిసెంబర్లో పాడేరు దగ్గర వంజంగి కొండ ఎక్కుతున్నాం. తెల్లవారుజాము నాలుగున్నర అయ్యుంటుంది, చీకటి, పొగమంచు, ముందు నడిచేవాళ్ళ మడమలు తప్ప ఇంకేం కనపడట్లేదు. మా తమ్ముడు ఉన్నట్టుండి ఆగిపోయి "అన్నయ్యా, కాలికింద ఏదో ఊడొచ్చింది" అన్నాడు. లైట్ వేసి చూస్తే కుడికాలి షూ సోల్ మొత్తం ఊడి వెనక్కి వేలాడుతోంది, చేత్తో పట్టుకుంటే మధ్య పొర తడిసిన బిస్కెట్టులా పొడిపొడిగా రాలిపోతోంది. అవి చవక షూస్ కావు, ఆరేళ్ళ కింద హిమాలయాల ట్రెక్‌కని కొన్న వాటర్‌ప్రూఫ్ బూట్లు, వేసింది రెండుసార్లే, మిగతా టైమంతా ఎంవీపీ కాలనీలో మా ఇంటి అల్మారాలో అట్టపెట్టెలో భద్రంగా ఉన్నాయి. ఆ రోజు సోల్‌ని తాడుతో కట్టుకుని, పైన మేఘాలు చూడకుండానే దిగిపోయాడు పాపం.

అలా భద్రంగా దాచడమే వాటిని తినేసింది. మంచి బూట్లలో మడమ కింద మెత్తగా ఉండే పొర చాలావాటిలో పాలీయురేథేన్, పీయూ అంటారు. గాల్లో తేమ దాంట్లోకి మెల్లగా దిగి దాని అల్లికని లోపల్నుంచి తెంపేస్తుంది, దీన్ని హైడ్రాలిసిస్ అంటారు. పైకి షూ కొత్తదాన్లాగే ఉంటుంది, పది నిమిషాలు బరువు పడగానే పొడైపోతుంది. తరచూ వేసుకుంటే అడుగు అడుగుకీ ఆ తేమ బయటికి నొక్కుకుపోతుంది కాబట్టి ఎక్కువకాలం వస్తుంది, పెట్టెలో మూసి ఉంచితే తొందరగా పోద్ది. మనది సముద్రం పక్కన ఊరు, ఏడాదిలో ఎక్కువ భాగం తేమ బాగా ఉంటుంది, ఎండాకాలంలో ఫ్యాన్ కింద కూర్చున్నా చొక్కా ఒంటికి అంటుకుపోతుంది, మరి అల్మారాలో షూ పరిస్థితి ఏంటో ఆలోచించండి.

అప్పట్నుంచి నా దగ్గరున్న ప్రతి సామానునీ ఇదే చూపుతో చూస్తున్నా. ట్రెక్కింగ్ సామాను చాలావరకు చల్లగా, పొడిగా ఉండే కొండల కోసం తయారైంది, దాని గురించి సలహాలు కూడా అక్కడివాళ్ళే రాసినవి. మన కంబాలకొండ, యారాడ, సింహాచలం కొండ, అనంతగిరి, లంబసింగి, వీటిలో మనల్ని ఇబ్బంది పెట్టేది చెమట, తడి, ఉప్పుగాలి, దోమలు, ముళ్ళకంపలు. చలి అంటే ఏజెన్సీలో, అంటే గిరిజన కొండ ప్రాంతంలో, చలికాలం ఆ రెండు మూడు నెలలే. కాబట్టి ఏ వస్తువైనా కొనేముందు దాని గొప్పలు పక్కనపెట్టి, దీని లోపం మన దగ్గర బయటపడుతుందా లేదా అన్నది చూడాలి. నేను వాడినవి, పక్కవాళ్ళవి పాడవగా చూసినవి కలిపి చెప్తున్నా.

షూస్‌తోనే మొదలుపెడతా, ఎందుకంటే ఎక్కువ డబ్బు పోసేది, ఎక్కువ మోసపోయేది ఇక్కడే. వాటర్‌ప్రూఫ్ బూట్లు అనగానే వానాకాలానికి ఇవే కరెక్ట్ అనిపిస్తుంది, కానీ మన దారుల్లో గెడ్డలు, అంటే కొండవాగులు, దాటకుండా ట్రెక్ ఉండదు, గెడ్డలో నీళ్ళు చీలమండ దాటి పైనుంచి షూలోకి దిగాయంటే ఆ వాటర్‌ప్రూఫ్ పొరే నీళ్ళని బయటికి పోనివ్వదు, బకెట్లో కాళ్ళు పెట్టుకుని నడిచినట్టే. ఆరడానికి మన వాతావరణంలో రెండ్రోజులు, ఒక్కోసారి మూడు. ఎండలో అయితే వాటి లోపల పాదం ఉడికిపోతుంది, చెమటకి చర్మం మెత్తబడి బొబ్బలొస్తాయి. జాలీ ఉన్న మామూలు ట్రెయిల్ షూస్ (కొండదారుల నడకకి చేసినవి) తడుస్తాయి, కానీ అరగంట నడిస్తే నీళ్ళు వాటంతటవే కారిపోతాయి. వాటి లోపం వేరు, ముళ్ళు జాలీలోంచి నేరుగా దిగుతాయి, మడమ కింద ఎక్కువగా వాడే ఈవీఏ ఫోమ్ పీయూలా పొడి అవ్వదు గానీ కొన్ని వందల కిలోమీటర్లకే అణిగిపోయి పలకలా అవుద్ది. లెదర్ బూట్లు ముళ్ళకి బెస్ట్, కానీ జూలై, ఆగస్టులో నెలరోజులు అల్మారాలోంచి బయటికి తీయకపోతే వాటి మీద బూజు పట్టడం ఖాయం. కాన్వాస్ జంగిల్ షూస్ చవక, తడిసినా బాధ లేదు, తొందరగానే ఆరతాయి, అయితే లోపల మెత్తదనం అస్సలుండదు, ఇరవై కిలోమీటర్లు దాటితే మోకాళ్ళు తెలుస్తాయి. శాండల్స్ గెడ్డలకి హాయిగానే ఉంటాయి, గడ్డి మోకాలిదాకా పెరిగిన చోట పాముల్ని తలుచుకుంటే నేను మాత్రం వేసుకోను.

నన్నడిగితే మన చుట్టుపక్కల ఒక్కరోజు నడకలకి జాలీ ట్రెయిల్ షూసే, కొంచెం మందం సోల్‌తో, వాటర్‌ప్రూఫ్ లేనివి. ఒక సైజు పెద్దది తీసుకోండి, దిగేటప్పుడు వేళ్ళు ముందుకి గుద్దుకోవు. సోల్ కింద గాడులు లోతుగా, ఎడం ఎడంగా ఉండాలి, దగ్గరగా ఉంటే వానాకాలంలో ఎర్ర బంకమట్టి వాటిలో ఇరుక్కుని సోల్ నున్నగా అయిపోద్ది. మన కొండలు ఎక్కువ ఖోండలైట్ రాయి, బాగా పాతబడి చిట్లిపోయే రాయి, అది విరిగి సన్న గులకలా దారి మీద పరుచుకుని ఉంటుంది. దాని మీద ఎంత ఖరీదైన గ్రిప్పూ జారుతుంది, షూ కంటే మనం చిన్న అడుగులెయ్యడమే పనిచేస్తుంది. బూట్లు పైకి ఉంటే చీలమండ మెలిక పడదు అని షాపుల్లో గట్టిగా చెప్తారు, నేనైతే ఆ మాట మీద నమ్మకం పెట్టుకోలేదు, అలసిపోయిన కాలు ఏ షూలోనైనా మెలిక పడుద్ది. ఇంకో మాట, సింహాచలం గిరిప్రదక్షిణ 32 కిలోమీటర్లు మా అమ్మ చెప్పుల్లేకుండా ఎన్నో ఏళ్ళు చేసింది. అది రోడ్డు, అది మొక్కు, దాన్ని కొండదారితో పోల్చను, కానీ అంత దూరం నడవాలంటే ముందు కావల్సింది నడక అలవాటే అని ఆవిడ్ని చూసే తెలుసుకున్నా.

వానకి ఏంటి అన్నది రెండో పెద్ద ప్రశ్న, దీనికి మన దగ్గర మూడు దారులు, జాకెట్, పోంచో (తలమీంచి వదులుగా వేసుకునే వానకప్పు), గొడుగు. ఊపిరాడే వాటర్‌ప్రూఫ్ జాకెట్ అని వేలకి వేలు పెట్టి కొంటారు చూడండి, అది పనిచేసే పద్ధతి ఏంటంటే లోపల వేడిగా తేమగా ఉండాలి, బయట చల్లగా పొడిగా ఉండాలి, ఆ తేడా వల్లే చెమట ఆవిరై సన్న రంధ్రాల్లోంచి బయటికి పోద్ది. ఆగస్టులో కంబాలకొండలో బయట గాలే తేమతో నిండిపోయి ఉంటే ఇక ఆ ఆవిరి ఎటు పోతుంది. అంటే వాన బయట ఆగుతుంది, లోపల చెమటతో అంతే తడుస్తాం. పైగా పైగుడ్డ మీద నీళ్ళు ముత్యాల్లా జారిపోయేలా వేసే కోటింగ్ కొన్నాళ్ళకి అరిగిపోతుంది, అప్పుడు గుడ్డే నీళ్ళు పీల్చుకుని బరువెక్కి ఆ ఉన్న కొంచెం ఊపిరి కూడా ఆగిపోద్ది. కొనాలనుకుంటే చంకల కింద జిప్పులున్నది కొనండి, అవి తెరిచి పెట్టుకుంటే వచ్చే గాలి ఆ పొర కంటే ఎక్కువ మేలు చేస్తుంది.

పోంచోకి గాలి బాగా ఆడుతుంది, వెనక బ్యాగుతో సహా కప్పేస్తుంది, ధర తక్కువ. కానీ కొండ అంచు మీద గాలి వీచిందా, అది తెరచాపలా లేచి మొహానికి కప్పేస్తుంది, దిగేటప్పుడు కాళ్ళు కనపడవు, అది ప్రమాదమే, ముళ్ళకంపలో ఒక్కసారి తగులుకుంటే చిరిగిపోద్ది. నడుముకి ఒక తాడు కట్టుకుంటే సగం బాధ తీరుతుంది. గొడుగు అంటే చాలామంది ట్రెక్కింగ్‌కి గొడుగేంటి అంటారు గానీ, గాలి లేని వానలో, వెడల్పు దారిలో దాన్ని మించింది లేదు, ఒళ్ళంతా గాలాడుతుంది, ఎండకీ పనికొస్తుంది. చెయ్యి ఒకటి దానికే పోతుంది, చేత్తో పట్టుకుని ఎక్కాల్సిన రాళ్ళ దగ్గర పనికిరాదు, పిడుగులు పడే టైంలో కొండ శిఖరం మీద గొడుగు పట్టుకుని నిలబడకూడదు. నా లెక్క ఏంటంటే జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వెచ్చటి వానకి పోంచో, అరకు వైపు నవంబర్, డిసెంబర్లో చల్లగాలితో కలిసి వాన పడేటప్పుడు జాకెట్. చల్లటి వానలో తడవడం సరదా కాదు, గాలి తగిలితే ఒణుకు పట్టేస్తుంది, అక్కడే జాకెట్ పెట్టిన డబ్బుకి న్యాయం చేస్తుంది.

బ్యాగు మీద వేసే రెయిన్ కవర్ గురించి కూడా చెప్పాలి, అది ముందు భాగం కప్పుతుంది, మన వీపుకి బ్యాగుకి మధ్యలోంచి కారే నీళ్ళని ఆపలేదు, అవన్నీ కిందికి దిగి కవర్ అడుగున చెరువులా నిలుస్తాయి. లోపలే ఒక మందపాటి ప్లాస్టిక్ సంచి పెట్టి బట్టలు అందులో వేసి మూతి మెలిపెట్టి కట్టండి. పూర్ణా మార్కెట్లో దొరికేదే చాలు, కవర్ కంటే వెయ్యి రెట్లు నమ్మకం.

ఒకటి బట్టల గురించి. కాటన్ వేసుకుంటే చచ్చిపోతారు అన్నట్టు రాస్తుంటారు, అది చలిదేశాల మాట. తడిసిన కాటన్ వెచ్చదనం ఇవ్వదు, ఆరదు, అందుకని లంబసింగిలో తెల్లవారుజామున తడి కాటన్ బనీనుతో ఉండకూడదు, అది నిజం. కానీ ఏప్రిల్లో తొట్లకొండ ఎండలో తడిపిన కాటన్ తువ్వాలు మెడ చుట్టూ వేసుకుంటే వచ్చే చల్లదనం ఏ పాలిస్టర్ టీషర్టూ ఇవ్వదు. సీజన్ చూసి వేసుకోండి, అంతే.

రాత్రి పడక దగ్గరికొద్దాం. వంజంగి, లంబసింగి వైపు ఇప్పుడు అద్దె టెంట్లు బాగా ఎక్కువయ్యాయి, ఒకే పొర ఉన్న చవక టెంట్లే చాలా చోట్ల. రాత్రంతా ఇద్దరు ముగ్గురు లోపల ఊపిరి వదులుతారు, ఆ ఆవిరి చల్లటి గుడ్డకి తగిలి నీళ్ళై, తెల్లారేసరికి మొహం మీద చుక్కలు పడుతుంటాయి. టెంట్ కారుతోంది అని గొడవపడేవాళ్ళని చూసాను, నిజానికి అది వాళ్ళ ఊపిరే. రెండు పొరలున్న టెంట్‌లో ఆ చుక్కలు పైపొర మీదే ఆగుతాయి, బరువు, ధర రెండూ పెరుగుతాయి అంతే. పైగా చాలామంది నీళ్ళ పక్కన, లోయ అడుగున, గడ్డి మెత్తగా ఉన్న చోటు చూసి టెంట్ వేస్తారు, అదే తప్పు. ఎత్తు పెరిగేకొద్దీ వెయ్యి మీటర్లకి ఇంచుమించు 6.5 డిగ్రీలు చలి పెరగడం మామూలే, కానీ మబ్బుల్లేని రాత్రి చల్లబడిన గాలి బరువెక్కి వాలు మీంచి జారి లోయలో నిలుస్తుంది, లంబసింగిలో అంత చలి పడటానికి ఇదొక కారణం. వాలు మీద కొంచెం పైకి, చెట్ల కింద వేసుకుంటే వెచ్చగానూ ఉంటుంది, టెంట్ లోపల తడీ తగ్గుతుంది. రెండు తలుపులూ కాస్త తెరిచే ఉంచండి, చలికి భయపడి మొత్తం మూస్తే ఇంకా తడుస్తారు.

సొంతంగా కొనేవాళ్ళకి, టెంట్ లోపలివైపు వేసే పీయూ కోటింగ్ కూడా మా తమ్ముడి షూ లాంటిదే. తడిగా మడిచి అటక మీద పెడితే రెండు మూడేళ్ళలో జిగురుగా అయ్యి పాడైన వాసనొస్తుంది, అది వచ్చాక బాగుచెయ్యడం కుదరదు. సిలికాన్ కోటింగ్ వేసినవి అలా అవ్వవు, కానీ కుట్ల మీద టేపు అంటుకోదు కాబట్టి కుట్లకి మనమే సీలర్ పుయ్యాలి, ధరా ఎక్కువే. ఫైబర్‌గ్లాస్ పోల్స్ చీలి చేతిలో పేళ్ళు దిగుతాయి, అల్యూమినియంవి ఒంగుతాయి గానీ ఒక గొట్టం ముక్క తొడిగి ఆ రాత్రి గడిపేయొచ్చు. కింద వేసే పట్టా టెంట్ కంటే బయటికి రాకూడదు, వస్తే వాన నీళ్ళని పట్టి మన కిందికే పంపుద్ది.

ఊయల, అదే హ్యామక్, చూడ్డానికి భలే ఉంటుంది, మధ్యాహ్నం కునుక్కి నిజంగా హాయే. రాత్రికి మాత్రం ఆలోచించండి, కింద నుంచి గాలి తగిలి వీపు గడ్డకడుతుంది, స్లీపింగ్ బ్యాగు వేసుకున్నా అడుగు భాగం మన బరువుకి అణిగిపోయి పనిచెయ్యదు. దోమలు పల్చటి గుడ్డలోంచే కింద నుంచి కుడతాయి, ఏజెన్సీలో మలేరియా ఉంది, కాబట్టి ఇది చిన్న విషయం కాదు. అరకు, పాడేరు కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లకి కడుతుంటారు, వాటికి చాలా చోట్ల మిరియాల తీగ పాకించి ఉంటుంది. ఆ తీగ ఒక గిరిజన కుటుంబం ఏడాది సంపాదన. తాడు బిగిస్తే తీగ నలిగిపోద్ది. తోట వాళ్ళని అడగకుండా, తీగ ఉన్న చెట్టుకి మాత్రం దయచేసి కట్టొద్దు.

స్లీపింగ్ బ్యాగుల్లో ఈకలవి తేలిక, చిన్నగా మడత పడతాయి, కానీ తడిసినా, తేమ పట్టినా ఈకలు ముద్దకట్టి వెచ్చదనం పోతుంది. మనకి సింథటిక్ ఫైబర్‌వే నయం, బరువున్నా సరే. లేబుల్ మీద పెద్ద అక్షరాల్లో ఉండే మైనస్ నంబర్ చూసి కొనకండి, కొన్నిసార్లు అది ప్రాణం నిలబడే హద్దు మాత్రమే, నిద్రపట్టే హద్దు కాదు. కంఫర్ట్ అని వేరే నంబర్ ఉంటుంది, మన ఏజెన్సీకి అది 5 డిగ్రీలుంటే చాలావరకు సరిపోద్ది. కింద మాత్రం ఏదో ఒకటి తప్పనిసరి. గాలి ఊదే మ్యాట్ మెత్తగా ఉంటుంది, ఒక్క తుమ్మముల్లు దిగితే రాత్రి రెండింటికి నేల మీదే. ఫోమ్ మ్యాట్ బ్యాగు బయట చుట్టలా వేలాడుతుంది, కంపల్లో తగులుతుంది, అయినా అది ఫెయిల్ అవ్వదు. నా ఓటు దానికే.

నీళ్ళ విషయంలో స్ట్రా ఫిల్టర్లు ఇప్పుడు బాగా అమ్ముతున్నారు. లోపల సన్న గొట్టాలుంటాయి, 0.2 మైక్రాన్ రంధ్రాలు, బ్యాక్టీరియా, పరాన్నజీవులు ఆగుతాయి, వైరస్‌లు అంతకంటే చాలా చిన్నవి కాబట్టి ఆగవు, పురుగుమందులూ ఆగవు. పైగా నీళ్ళు తాగాలంటే గెడ్డ దగ్గర బోర్లా పడుకోవాలి, బాటిల్లో నింపుకుని తీసుకెళ్ళడం అన్నిట్లోనూ కుదరదు, వానాకాలం ఎర్రనీళ్ళకి త్వరగా మూసుకుపోద్ది. క్లోరిన్ బిళ్ళ వైరస్‌ని చంపుతుంది, కానీ అరగంట ఆగాలి, నీళ్ళు మడ్డిగా ఉంటే ముందు గుడ్డలో వడగట్టాలి, లేకపోతే పనితనం తగ్గుతుంది, క్రిప్టోస్పోరిడియం లాంటి కొన్ని మొండి పరాన్నజీవుల మీద పెద్దగా పనిచెయ్యదు. మరిగించడం అన్నిటికంటే భద్రం, బుడగలు బాగా వచ్చాక ఒక నిమిషం చాలు, కానీ పొయ్యి, టైం కావాలి. ఒక్కరోజు నడకకైతే ఇంటి నుంచి మూడు లీటర్లు మోసుకెళ్ళడమే మేలు, ఫిల్టర్ ఎమర్జెన్సీకి ఉంచుకోండి. హైడ్రేషన్ బ్లాడర్, అంటే బ్యాగులో పెట్టుకునే నీళ్ళ సంచి, దాని గొట్టం పెట్టుకుని తాగుతూ పోవచ్చు, బాగుంటుంది, అయితే ఎంత మిగిలిందో తెలియదు, మన తేమకి గొట్టంలో నల్ల బూజు పడుద్ది, గ్లూకోజో నిమ్మరసమో పోసారా ఇంకా తొందరగా. నేను మామూలు ప్లాస్టిక్ బాటిళ్ళు మూడు పెట్టుకుంటా, తిరిగి తెచ్చుకుంటా, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు రెండు. స్టీల్ థర్మాస్ బాటిల్ ఖాళీదే దగ్గర దగ్గర అరకిలో ఉంటుంది, చలికాలం టీకి తప్ప అనవసరం.

గ్యాస్ స్టవ్ కొన్నవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి, కిరండూల్ పాసింజర్‌లో అరకు వెళ్తూ బ్యాగులో గ్యాస్ డబ్బా పెట్టుకోవడం నేరం, రైల్వే చట్టం 164 సెక్షన్ కింద మూడేళ్ళ దాకా జైలు ఉంది. ఆ దారిలో సొరంగాలు యాభైకి పైనే, పెట్టెలో మంట లేస్తే ఎవరూ ఎక్కడికీ పారిపోలేరు. రిజర్వ్ ఫారెస్ట్‌లో మంట పెట్టడమూ నేరమే, ఎండాకాలం ఒక్క నిప్పురవ్వకి కొండంతా కాలుతుంది. పులిహోర, పల్లీ చిక్కీ, అటుకులు కట్టుకెళ్తే పొయ్యితో పనిలేదు. ఇక నిప్పు రాజేసే ఫెర్రో రాడ్ తడిసినా నిప్పులు చిమ్ముతుంది నిజమే, కానీ ఆ నిప్పులు పట్టడానికి పొడి పీచు కావాలి, వానలో అదెక్కడుంటుంది. మామూలు లైటర్ జిప్ కవర్లో పెట్టుకోండి, అగ్గిపెట్టె చెమ్మకి మెత్తబడిపోద్ది.

లైట్, చార్జింగ్ గురించి కొంచెం వివరంగా చెప్తా, రాత్రి ఎక్కే కొండలు మనకి ఎక్కువయ్యాయి కాబట్టి. హెడ్‌ల్యాంప్ తలకి కట్టుకుని పొగమంచులో నడిస్తే వెలుగు మంచు బిందువుల మీద పడి తిరిగి మన కళ్ళలోకే వస్తుంది, ఎదురుగా తెల్లగోడ కట్టినట్టు. తీసి నడుము దగ్గర చేత్తో పట్టుకోండి, లేదా కాంతి తగ్గించండి, దారి కనపడుద్ది. వంజంగిలో ఇది తెలియక దారి పక్కకి వెళ్ళిపోయేవాళ్ళని ప్రతిసారీ చూస్తున్నా. పెట్టె మీద రాసిన వెలుగు చాలా హెడ్‌ల్యాంపుల్లో మొదటి కొన్ని నిమిషాలదే, పక్కనే రాసిన గంటలేమో సన్న వెలుగువి, రెండూ కలిపి చదివి మోసపోవద్దు. లోపలే బ్యాటరీ ఉన్నవి చార్జ్ అయిపోతే అక్కడితో ఆగినట్టే, సెల్స్ మార్చేవైతే రెండు సెల్స్ జేబులో వేసుకుంటే చాలు. ఇంటికొచ్చాక సెల్స్ తీసి పెట్టండి, ఆల్కలైన్ సెల్స్ కారితే కాంటాక్టులు పచ్చగా తుప్పు పడతాయి.

పవర్‌బ్యాంక్ 10000 ఎంఏహెచ్ అని ఉంటే అది లోపల సెల్ వోల్టేజ్ 3.7 దగ్గర లెక్క, ఫోన్‌కి 5 వోల్టుల దగ్గర అందేది దాదాపు 6000 నుంచి 6500. దాని మీద చిన్న సోలార్ పలక ఉన్నవి అస్సలు కొనకండి. పదివేల బ్యాంక్ అంటే 37 వాట్ అవర్లు, ఆ అరచేతంత పలక మంచి ఎండలో ఒక వాటు, ఒకటిన్నర వాటు ఇస్తుంది, అంటే నిండటానికి 25 నుంచి 37 గంటల నిలువెండ కావాలి, పైగా ఎండలో పెడితే బ్యాటరీ వేడెక్కి దాని ఆయుష్షు తగ్గుతుంది. దానికంటే ఫోన్‌లో మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకుని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, జీపీఎస్‌కి నెట్‌వర్క్ అక్కర్లేదు. ఏజెన్సీలో సిగ్నల్ కోసం వెతుక్కునే ఫోనే బ్యాటరీని ఎక్కువ తాగేది.

ఇది చాలామందికి తెలియదు, చాలా ముఖ్యం. శాటిలైట్ ఫోన్లు, శాటిలైట్ మెసేజ్ పంపే చిన్న పరికరాలు బయటి దేశాల ట్రెక్కింగ్ వీడియోల్లో ప్రాణం కాపాడే వస్తువుగా చూపిస్తారు. మన దేశంలో టెలికాం శాఖ పర్మిషన్ లేకుండా అవి దగ్గర పెట్టుకోవడమే నేరం, విదేశీ ట్రెక్కర్లని ఎయిర్‌పోర్టుల్లో పట్టుకుని కేసులు పెట్టారు కూడా. మనది తూర్పు నావికాదళం ఉన్న ఊరు. విదేశంలో ఉన్న పిల్లలు ప్రేమగా కొని పంపుతామన్నా వద్దని చెప్పండి. బదులుగా ఎటు వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో ఇంట్లో కాగితం మీద రాసిపెట్టి వెళ్ళండి.

సర్వైవల్ కిట్ అని ఇరవై ముప్ఫై వస్తువులు ఒక డబ్బాలో అమ్ముతారు, నేనూ ఒకటి కొన్నా. తీగ రంపం రెండో కొమ్మకే తెగింది, కంపాస్ ఫోన్ పక్కన పెడితే ఎటు పడితే అటు తిరిగింది. పారాకార్డ్ (పారాచూట్ తాడు) కంకణం విప్పితే వచ్చేది మూడు మీటర్ల తాడు, విప్పడానికి పావుగంట, మళ్ళీ అల్లడం మనవల్ల కాదు. అసలైన పారాకార్డ్ 250 కిలోల దాకా ఆగుతుంది, అలంకారానికి అల్లినవి అందులో ఎన్నో వంతు ఆగుతాయో చూస్తేనే తెలిసిపోద్ది. పది మీటర్ల నైలాన్ తాడు విడిగా కొనుక్కోండి, తడిస్తే సాగుతుంది, రాత్రి టెంట్ తాళ్ళు ఒకసారి బిగించుకోవాలి, అంతకుమించి లోపం లేదు. కత్తుల్లో కార్బన్ స్టీల్‌కి పదును బాగా నిలుస్తుంది, కానీ బీచ్ రోడ్డు వైపు ఇళ్ళలో నూనె రాయకుండా వారం ఉంచితే తుప్పు చుక్కలొచ్చేస్తాయి, మనకి చిన్న మడత స్టెయిన్‌లెస్ కత్తే చాలు. పిడి డొల్లగా ఉండి లోపల సామాను దాచేవి పిడి దగ్గరే విరుగుతాయి.

ఆ డబ్బాలో పాముకాటుకి విషం పీల్చే పంపు ఉంటే అది తీసి పారెయ్యండి. అది విషాన్ని తియ్యలేదు, చర్మాన్ని పాడుచేస్తుంది, టైం తినేస్తుంది. బ్లేడుతో కొయ్యడం, గట్టిగా తాడు కట్టడం కూడా చెయ్యకూడదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర ఏది కుట్టినా మందు ఆసుపత్రిలో ఉండే యాంటీ వీనమే. ఆ కాలో చెయ్యో కదలకుండా ఉంచి, ఉంగరాలు, షూ తీసేసి, 108కి ఫోన్ చేసి దగ్గరున్న ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఇక్కడ పోలిక లేదు, ఆప్షన్లు లేవు.

వెండి కాగితంలా మెరిసే ఎమర్జెన్సీ దుప్పటి మాత్రం ఉంచుకోండి, యాభై అరవై గ్రాములే. అది ఒంటి వేడిని వెనక్కి తిప్పుతుంది గానీ నేల చల్లదనాన్ని ఆపదు, చెమట లోపలే నిలుస్తుంది, చిన్న చిరుగు పడితే మొత్తం పోతుంది, గాలికి చప్పుడు చేస్తుంది. కింద ఆకులో బ్యాగో వేసుకుని దాని మీద చుట్టుకోవాలి. ఎండదెబ్బ తగిలిన మనిషికి నీడలా కట్టడానికి నేనొకసారి వాడా, దానికి బాగా పనికొచ్చింది. విజిల్ ఒకటి, లోపల గోళీ లేనిది, తడిసినా మోగేది, మూడుసార్లు ఊదితే సాయం కావాలని అర్థం. అరిచి అరిచి గొంతు పోతుంది, విజిల్ పోదు. కంకణం బకిల్‌లో ఉండే విజిల్ పక్కగదికి కూడా వినపడదు, అది లెక్కలోకి తీసుకోవద్దు.

ఒంటికి రాసుకునే దోమల మందుల్లో డీట్ అనే రసాయనం ఉన్నవి బాగా పనిచేస్తాయి, కానీ ప్లాస్టిక్‌ని, స్పాండెక్స్ బట్టని కరిగిస్తాయి, వాచీ పట్టీ, కళ్ళద్దాల ఫ్రేము, ఫోన్ కవర్ ముట్టుకునేముందు చేతులు తుడుచుకోండి. ట్రెక్కింగ్ కర్రలు దిగేటప్పుడు మోకాళ్ళకి మేలే, తిప్పి బిగించేవాటిలో ఇసుక పడితే జారిపోతాయి, క్లిప్పు నొక్కేవి తీసుకోండి, లేదంటే వెదురు కర్ర.

తక్కువ డబ్బుతో మొదలుపెట్టేవాళ్ళు ముందు షూస్, హెడ్‌ల్యాంప్, విజిల్, మందపాటి ప్లాస్టిక్ సంచి, పోంచో, ఇంతవరకే కొనండి. టెంట్, స్లీపింగ్ బ్యాగు రెండు మూడుసార్లు అద్దెకి తీసుకుని చూసాకే కొనాలి, ఏడాదికి ఒక్కసారి లంబసింగి వెళ్ళేవాళ్ళకి కొనడం దండగ, మిగతా పదకొండు నెలలు మన తేమే దాన్ని తింటుంది. ఉన్నవాళ్ళు మాత్రం తిరిగొచ్చిన రోజే మంచినీళ్ళతో ఉప్పు, మట్టి కడిగి, నీడలో రెండ్రోజులు ఆరబెట్టి, ప్లాస్టిక్ కవర్లో కాకుండా గాలాడే గుడ్డసంచిలో పెట్టండి, జిప్పులకి కొంచెం కొవ్వొత్తి రుద్దితే ఉప్పుగాలికి బిగుసుకుపోవు. ట్రెక్‌కి వారం ముందు షూని చేత్తో గట్టిగా ఒంచి చూడండి, మధ్య పొరలో సన్న పగుళ్ళు కనపడ్డా, గోటితో నొక్కితే పొడి రాలినా అవి వేసుకెళ్ళొద్దు.

మా తమ్ముడు సంక్రాంతికి కొత్త జత కొన్నాడు, జాలీవి. షూ నాలుక లోపలివైపు కొన్న తేదీ మార్కర్‌తో రాసుకున్నాడు, అల్మారాలో పెట్టట్లేదు, రోజూ పొద్దున్నే ఆర్కే బీచ్‌లో వాకింగ్‌కి అవే వేసుకెళ్తున్నాడు.